మీ ప్రశ్న, మా జవాబు: మూతిలోంచి మందు కూరే తుపాకులు

గన్‌ఫౌండ్రీకి ఆ పేరెలా వచ్చిందో పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత తుపాకుల గురించే. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

*ప్రశ్న: మా అబ్బాయి పెన్సిల్వేనియాలో ఉంటాడు. లాంకాస్టర్ దగ్గర ఒక ప్రదర్శనలో ఆరడుగుల పాత రైఫిల్ చూశాడట. అక్కడే తయారైందని చెబుతూనే ‘కెంటకీ రైఫిల్’ అన్నారట. ఇదెక్కడి లెక్క? అంత పొడుగెందుకు? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి*

ఆరడుగులంటే మీవాడు కాస్త పెంచి చెప్పినట్టున్నాడు. గొట్టం 42 నుంచి 46 అంగుళాలు, దాని వెనుక భుజానికి ఆనించే కుందా కలిపితే మొత్తం ఐదడుగుల చిల్లర. లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్ కమ్మర్లు 18వ శతాబ్దంలో వీటిని చేశారు. 1740లో జర్మనీలో పుట్టి, చిన్నప్పుడే వలస వచ్చిన జేకబ్ డికర్ట్ వారిలో పేరున్నవాడు. 1822లో పోయేదాకా లాంకాస్టర్‌లోనే ఉన్నాడు. అపలాచియన్ కొండలు దాటి కెంటకీ అడవులకు వెళ్లిన వేటగాళ్లు ఈ తుపాకులనే పట్టుకెళ్లారు. 1815 న్యూ ఆర్లీన్స్ యుద్ధం తర్వాత కెంటకీ వేటగాళ్ల మీద పాటలు పుట్టాయి. దాంతో తుపాకికి చేసినవాడి ఊరు కాకుండా వాడినవాడి ఊరు పేరు స్థిరపడిపోయింది.

పొడుగు సంగతికొద్దాం. వీళ్లు జర్మనీ నుంచి తెచ్చుకున్న నమూనా ‘యేగర్’ అనే వేట రైఫిల్. దాని గొట్టం 30 అంగుళాలు, లోపలి వెడల్పు దాదాపు 0.60 అంగుళం. ఆ కొలతకు పౌను సీసం, అంటే 453 గ్రాములు కరిగిస్తే 22 గుండ్లొస్తాయి. 0.50 కొలతకు అదే సీసంతో 39, 40 గుండ్లు పోసుకోవచ్చు. నెలల తరబడి అడవిలో ఉండేవాడికి, సీసం వీపు మీద మోసుకెళ్లేవాడికి ఈ తేడా చిన్నది కాదు. గొట్టం సన్నబడి పొడుగవడానికి మూలం ఇక్కడుంది. నల్లమందు, అంటే పాతకాలపు తుపాకిమందు, నిదానంగా మండుతుంది కనుక పొడుగు గొట్టంలో దాని బలం బాగా పనికొస్తుందంటారు. అందులో నిజం లేకపోలేదు గాని, ముందు గురికీ వెనుక గురికీ మధ్య దూరం పెరిగితే కన్ను చేసే పొరపాటు తగ్గుతుంది. మా లెక్కలో అసలు లాభం అదే.

*ప్రశ్న: యంత్రాలు లేని రోజుల్లో అంత పొడుగు ఇనుప గొట్టంలో నిలువునా రంధ్రం ఎలా తొలిచేవారు? లోపల మెలి గాడులు ఎలా కోసేవారు? – ఇంజినీరింగ్ విద్యార్థి, ఘట్‌కేసర్*

గట్టి కడ్డీని తొలిచి గొట్టం చేశారనుకుంటున్నట్టున్నారు. అది తర్వాతి కాలపు పద్ధతి. అప్పట్లో మెత్తని ఇనుప పట్టీని ఒక ఊచ చుట్టూ దొప్పలా వంచి, అంచులను కొలిమి వేడి మీద అతికేవారు. ఒక్కో వేడికి రెండు మూడు అంగుళాలే అతుకుతాయి. నడుమ మొదలుపెట్టి ఒక కొస దాకా, మళ్లీ నడుమ నుంచి రెండో కొస దాకా. ప్రతిసారీ ఇనుము తెల్లగా వెలిగి, చిటపటలాడే దశకు వచ్చాక ఊచ దూర్చి నాలుగు దెబ్బలు వేసి వెంటనే ఊచ లాగేయాలి. క్షణం ఆలస్యమైతే ఊచ కూడా లోపలే అతుక్కుపోతుంది. వేడి తక్కువైతే అంచుల మధ్య చిట్టెం ఇరుక్కుని, పైకి అతికినట్టే కనిపిస్తుంది. ఆ లోపం అప్పుడు బయటపడదు. రంధ్రం సాపు చేసేటప్పుడు వెంట్రుకంత గీతలా కనిపిస్తే అదృష్టం. లేదంటే పేల్చినప్పుడు గొట్టం అక్కడే చీలుతుంది.

తర్వాత పొడవాటి బరమాతో లోపల నున్నగా చేస్తారు. వంకర చూడటానికి దారమే కొలబద్ద. గొట్టంలోంచి దారాన్ని బిగుతుగా లాగి కట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే దారం గోడకు ఎక్కడ ఆనుతోందో, ఎక్కడ ఎడముందో తెలుస్తుంది. వంకర ఉన్నచోట దెబ్బ వేసి సరిచేస్తారు. బయట ఆకురాయితో ఎనిమిది పలకలు తీస్తారు.

గాడులు కోసే సాధనం చూడ్డానికి చెక్క మొద్దు, పనికి మాత్రం గడియారం. ఒక దుంగ మీద మెలిక తిరిగిన గాడులు చెక్కి ఉంటాయి. అది స్థిరమైన చట్రంలోంచి జారుతూ తిరుగుతుంది. దాని కొసన ఊచ, ఊచ చివర రంపపు పళ్లున్న చిన్న ఉక్కు ముక్క. దుంగను లాగితే ఊచ కూడా అదే మెలికలో తిరుగుతూ గొట్టంలో సన్నని గీత గీస్తుంది. ఒక గాడి మీద ఒకసారి లాగాక దుంగను తర్వాతి గాడికి తిప్పుతారు. ఏడు గాడులైతే ఏడుసార్లు. ఒక చుట్టు పూర్తయ్యాక ఆ ఉక్కు ముక్క కింద పల్చని కాగితం పెట్టి మళ్లీ మొదటి నుంచి. మెలిక చాలావరకు 48 అంగుళాలకు ఒక పూర్తి చుట్టు. పదునైన పన్ను ఉన్నా, కాగితం రెండు పొరలు ఒకేసారి పెట్టిన తొందరగాడి గాడి చిరిగిపోయి గరుకుగా మిగులుతుంది. కాగితం మందమే ఇక్కడ ఓపికకు కొలత.

ఇదంతా ఒక్కడి పని అనుకోవద్దు. చెకుముకి రాయి బిగించి నిప్పు రాల్చే ‘లాక్’ అనే యంత్రాన్ని చాలామంది ఇంగ్లండ్ నుంచో జర్మనీ నుంచో వచ్చినదే కొనేవారు. గొట్టాలు చేసేవాళ్లు వేరే, ఇత్తడి పోతపోసేవాళ్లు వేరే. తుపాకి మీద సంతకం ఒకరిది, చెమట నలుగురిది. ఈ పని ఇప్పటికీ బతికే ఉంది. అమెరికాలో ఈ తుపాకుల అభిమానుల జాతీయ సంఘం 1933లో ఏర్పడింది. వర్జీనియా రాష్ట్రంలోని విలియమ్స్‌బర్గ్‌లో 1960లలో వాలెస్ గుస్లర్ అనే తుపాకి కమ్మరి పాత పనిముట్లతోనే గొట్టం దగ్గర నుంచి మేకుల దాకా చేసి చూపించాడు. కెంటకీలోని వుడ్‌బరీ ఊరి హెర్షెల్ హౌస్, అతని తమ్ముళ్ల పనితనం ‘వుడ్‌బరీ బడి’గా పేరుపడింది. నున్నటి మెరుపు కంటే సుత్తి దెబ్బ ఆనవాలు వాళ్లకు ముద్దు.

*ప్రశ్న: ఆ రైఫిళ్ల కర్ర మీద పులిచారలు ఉంటాయి కదా. అవి రంగుతో వేసినవా? గోడకు పెట్టుకోవడానికి పేలని చెక్క నమూనా చేయాలనుంది, అలాంటి రంగు మన కర్రకు వస్తుందా? – ఒక పాఠకుడు, బోయిన్‌పల్లి*

అసలువాటిలో చారలు కర్రవే. మేపుల్‌లో కొన్ని చెట్ల నార అలలుగా పెరుగుతుంది. కోసినప్పుడు ఒక చోట నార పక్కకు పడుకుని, పక్కనే నిలువుగా కోతకు ఎదురొస్తుంది. నిలువు నార రంగు ఎక్కువ పీలుస్తుంది. గుర్తుపట్టడం తేలిక: వెలుతురులో అటూ ఇటూ వంచండి. నిజమైన చారలో ముదురున్నది లేతగా, లేతది ముదురుగా మారుతుంది. వేసిన చార ఎటు వంచినా కదలదు.

వాళ్లు వాడింది ఇనుము కరిగించిన నైట్రిక్ ఆమ్లం. పూసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, కాల్చిన ఇనుమును దగ్గరగా ఆడిస్తే ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. తర్వాత వంటసోడా నీళ్లతో ఆమ్లాన్ని చంపకపోతే నూనె పెట్టాక కూడా రంగు మారిపోతూనే ఉంటుంది. దాని పొగ ఊపిరితిత్తులకు చేటు, కాబట్టి ఇంట్లో వద్దు.

మీకు సరిపడేది ఇంకోటుంది. అర లీటరు తెల్ల వెనిగర్‌లో, సబ్బుతో కడిగి ఆరబెట్టిన ఇనుప పీచు ఒకటి వేసి మూడు రోజులు ఉంచండి. గాలి బుడగలొస్తాయి, మూత బిగించకండి. పల్చని బట్టతో వడకట్టండి. నల్లతుమ్మలో వగరు ఎక్కువ, పూసిన నిమిషాల్లో నల్లబడుతుంది. వగరు తక్కువ ఉన్న లేత కర్రయితే ముందు చిక్కటి టీ డికాషన్ ఒక పూత వేసి, ఆరాక ఇది పూయాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, థిన్నర్‌తో తుడవకపోతే మచ్చలు మచ్చలుగా పడుతుంది. ముందు కోతముక్క మీద చూసుకోండి, రంగు వచ్చాక వెనక్కి పోదు.

పైన కాచిన అవిసె నూనె, పూతకూ పూతకూ 24 గంటల ఎడంతో ఐదారు పల్చటి పూతలు. మందంగా పూస్తే నెల తర్వాత కూడా చేతికి అంటుకుంటుంది. నూనె తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి మూలకు పడేయకండి. అది తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్లలో తడిపి విప్పి ఆరేయండి.

*ప్రశ్న: మన హైదరాబాద్‌లో ఇలాంటి తుపాకి కమ్మర్లు లేరా? మన ఉక్కుతోనే డమాస్కస్ గొట్టాలు చేసేవారని విన్నాను. – అధ్యాపకురాలు, నారాయణగూడ*

మీరు విన్నదాంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయండీ. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు మూసతో చేసింది. మట్టి మూసలో ఇనుము, కర్ర బొగ్గు వంటివి పెట్టి మూత మూసి గంటల కొద్దీ కరిగిస్తే వచ్చే దిమ్మ. దాన్ని సాగగొడితే తేలే నీటి అలల గీతలే డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చాయి. 1820 ప్రాంతంలో అక్కడికెళ్లిన డాక్టర్ వోయ్‌సీ, రెండు ఊళ్ల ఇనుమును 3:2 పాళ్లలో కలిపేవారనీ, ఇస్ఫహాన్ వర్తకులు వచ్చి కొనుక్కెళ్లేవారనీ రాశాడు. ‘వూట్జ్’ అని యూరప్‌వాళ్లు పిలిచింది మన ‘ఉక్కు’నే.

డమాస్కస్ గొట్టం మాత్రం వేరు. అది ఇనుము, ఉక్కు కడ్డీలను పేని, పట్టీగా కొట్టి, ఊచ చుట్టూ తాడులా చుట్టి అతికినది. దాని గీతలు పేనిక వల్ల వచ్చినవి, మూసలో పుట్టినవి కావు. ఇక గన్‌ఫౌండ్రీ అంటారా, ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో పెట్టించిన ‘తోప్ కా సాంచా’. అక్కడ ఫిరంగుల పోత. పోతపోసేవాడి విద్య వేరు, గొట్టం అతికేవాడి విద్య వేరు. మన జామగి తుపాకుల, అంటే వత్తితో నిప్పంటించే తుపాకుల పనితనం చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల విభాగానికి వెళ్లండి. గొట్టం మూతి మీద, వెనుక కొస మీద ఉన్న నగిషీనే కాదు, కుందాకు గొట్టాన్ని కట్టిన పట్టీలను కూడా చూడండి. చాలావాటిలో గొట్టం లోపల గాడులుండవు, నున్నటి గొట్టాలే.

*ప్రశ్న: రంజకం భగ్గుమని గుండు పేలకపోవడానికి కారణం? – సికింద్రాబాద్*

రంజకం అంటే గొట్టం బయట మొదట నిప్పంటుకునే మందు. దాని మంట లోపలికి పోయే రంజకపు రంధ్రం మూసుకుపోవడం ఒక కారణం, లోపలి మందు చెమ్మగిలడం ఇంకోటి. నల్లమందు కాలిన మసి గాల్లో తేమను పీలుస్తుంది కాబట్టి రెండూ కలిసే వస్తాయి. అలాంటప్పుడు నిప్పు లోపల దాగి కొన్ని క్షణాల తర్వాత పేలవచ్చు కనుక ప్రదర్శనల్లో మూతి దించకుండా నిలబడాలని నియమం.

*ప్రశ్న: ఊళ్లో మా తాతగారి నాటు తుపాకి గోడకు వేలాడుతోంది, తుప్పు పట్టింది. శుభ్రం చేయొచ్చా? లైసెన్సు కావాలా? – ఒక పాఠకురాలు, వనస్థలిపురం*

తుప్పు తర్వాత చూద్దామమ్మా, ముందు అది ఖాళీదో కాదో తెలియాలి. మూతిలోంచి మందు కూరే తుపాకుల్లో గుండు అలాగే ఉండిపోయినవి తరచూ దొరుకుతాయి. పొడిగా ఉన్న నల్లమందు వందేళ్లయినా మండుతుంది. మూతి ఎవరి వైపూ లేకుండా పెట్టి, సన్నని ఎండిన వెదురు పుల్లను పక్క నుంచి మెల్లగా లోపలికి జారవిడవండి, పొడవకండి. ఆగినచోట మూతి దగ్గర గుర్తు పెట్టి పైకి తీసి, గొట్టం బయట ఆనించండి. పుల్ల కొస రంజకపు రంధ్రం దాకా రావాలి. రెండంగుళాలు తక్కువగా ఆగితే మందు ఉన్నట్టే లెక్క. అది కందిరీగల మట్టి గూడే కావచ్చు, అయినా అలాగే లెక్కేయండి. ఇనుప చువ్వతో గెలకవద్దు, వెల్డింగు షాపుకు అసలే తీసుకెళ్లవద్దు. పోలీసు స్టేషన్‌కు చెబితే ఆయుధాలు తెలిసినవారిని పంపుతారు.

ఖాళీ అని తేలితే చింతపండు, నిమ్మకాయ, గరుకు కాగితం దగ్గరికి రానివ్వకండి. ఆ గోధుమ పూతలోనే దాని వయసూ విలువా ఉన్నాయి. పొడి నూలుగుడ్డతో దుమ్ము తుడిచి, కుట్టుమిషన్ నూనె రెండు మూడు చుక్కలు గుడ్డకు పట్టించి రుద్ది, మళ్లీ తుడిచేయండి. కొబ్బరి నూనె జిగురు కడుతుంది. బయటి గోడకు వానాకాలం చెమ్మ ఎక్కుతుంది కాబట్టి లోపలి గోడకు, గుడ్డ చుట్టిన మేకుల మీద పెట్టండి. తోలు సంచిలో, ప్లాస్టిక్‌లో చుట్టి పెట్టకండి.

1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాత తుపాకులకు మినహాయింపు ఇస్తుంది గాని, మరమ్మతు చేసినా చేయకున్నా పేల్చడానికి పనికిరానివై ఉండాలి. ‘బాగుచేస్తే పేలుతుంది’ అనిపించేదానికి మినహాయింపు లేదు. అది తేల్చేది మీరూ మేమూ కాదు కనుక, స్టేషన్‌కు వెళ్లినప్పుడే రాతపూర్వకంగా అడగండి. నూరేళ్లు దాటితే 1972 పురావస్తువుల చట్టం కింద దాన్ని విదేశాలకు పంపడానికి వీల్లేదు.

*ప్రశ్న: అమెరికా నుంచి మావాడు అలాంటి రైఫిల్ విడిభాగాల పెట్టె తెస్తానంటున్నాడు. అక్కడ లైసెన్సు అక్కర్లేదట. – ఒక పాఠకుడు, కొంపల్లి*

అక్కడి 1968 కేంద్ర చట్టం 1898 దాకా తయారైనవాటినీ, మూతిలోంచి నల్లమందు కూరే నకళ్లనూ మామూలు తుపాకుల లెక్కలో చూడదు. ఆ మినహాయింపు శంషాబాద్ విమానాశ్రయంలో చెల్లదు. మన చట్టంలో అది తుపాకే, విడిభాగాలకూ వర్తిస్తుంది. వద్దని చెప్పండి. అంత ముచ్చటైతే ఆవుకొమ్ముతో చేసే మందుకొమ్ము తెమ్మనండి, ఎన్నడూ మందు పోయనిది, కొత్తది. వాడినదైతే తనిఖీలో పేలుడు పదార్థం ఆనవాలు పట్టేస్తారు.