టెక్ సందేహాలు: రెండు రికార్డులు, కొత్త దరువు

ప్రశ్న: హిప్‌హాప్ డీజేలు ఒకే పాట రికార్డులు రెండు పెట్టుకుని దరువును ఎంతసేపైనా సాగదీస్తారు కదా. నేనూ ప్రయత్నిస్తున్నాను. చెయ్యి తీశాక రికార్డు మెల్లగా వేగం అందుకుంటోంది, ఈలోగా తాళం తప్పుతోంది. లోపం నాదా, టర్న్‌టేబుల్‌దా?

జవాబు: టర్న్‌టేబుల్‌దే. మీరు చెప్పినదాన్ని బట్టి అది బెల్ట్ డ్రైవ్ అయ్యుండాలి. అందులో మోటారు పక్కనుండి రబ్బరు బెల్టుతో పళ్లేన్ని తిప్పుతుంది. చేత్తో ఆపితే బెల్టు జారుతుంది, మళ్లీ పట్టు దొరికేసరికి ఆలస్యమవుతుంది. మీకు కావాల్సింది బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పే డైరెక్ట్ డ్రైవ్. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్‌ను డీజేలు వాయిద్యంలా వాడుకోగలిగారంటే అదొక ముఖ్య కారణం. రబ్బరు మ్యాట్ తీసేసి ఫెల్ట్ స్లిప్‌మ్యాట్ కూడా వేయండి. పళ్లెం కింద తిరుగుతూనే ఉంటుంది, రికార్డు మాత్రం మీ వేళ్ల కింద ఆగుతుంది.

ఇక అసలు పని లెక్కలో ఉంది. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్, పాటలో డ్రమ్స్ ప్రధానంగా మోగే 'బ్రేక్' కోసమే జనం ఎదురుచూస్తున్నారని గమనించి, రెండు రికార్డులతో దాన్ని పొడిగించాడు. ముల్లును కంటి అంచనాతో దించేవాడు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రికార్డు మీద క్రేయాన్‌తో గీత పెట్టి, చుట్లు లెక్కపెట్టి వెనక్కి తిప్పాడు. నాకు ఎప్పటికీ అబ్బురంగా అనిపించేది ఈ గీతే.

మీరూ చేసి చూడండి. నిమిషానికి 33⅓ చుట్లంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. పాట వేగం నిమిషానికి 100 బీట్లయితే చుట్టుకు సరిగ్గా 3 బీట్లు. 8 బీట్ల ముక్క మళ్లీ మొదటికి రావాలంటే రెండు చుట్లు, ఆపైన మూడింట రెండు వంతులు వెనక్కి తిప్పాలి. అవతలి రికార్డు మోగే 4.8 సెకన్లలోనే తిప్పడం, హెడ్‌ఫోన్‌లో విని పట్టి ఉంచడం, వదలడం అన్నీ అయిపోవాలి.

ఇది చేతికొచ్చాక రెండో రికార్డును అర బీట్ వెనక నడపండి. గీత గడియారం ముఖం మీద రెండు గంటలంత వెనకబడితే చాలు. మొదటి రికార్డులో డ్రమ్ దెబ్బ పడగానే క్రాస్‌ఫేడర్‌ను (ఏ రికార్డు వినిపించాలో మార్చే మిక్సర్ మీటను) అటు తోస్తే, అదే దెబ్బ రెండోదాన్నుంచి మళ్లీ పడుతుంది. ఏ రికార్డులోనూ లేని దరువు అక్కడ పుడుతుంది. దీన్నే బీట్ జగ్లింగ్ అంటారు. స్క్రాచింగ్ దీనికన్నా సులువుగా మొదలవుతుంది: ఫేడర్ ముట్టకుండా, ఒక్క శబ్దాన్ని తాళంలో ముందుకీ వెనక్కీ లాగడమే బేబీ స్క్రాచ్. వారంపాటు అదొక్కటే చేయండి.

ప్రశ్న: లాప్‌టాప్‌లోని పాటలను టైమ్‌కోడ్ రికార్డుతో తిప్పుతారట. ఆ రికార్డులో ఏముంటుంది?

జవాబు: పాట ఉండదు, సన్నటి కూత లాంటి సంకేతం ఉంటుంది. దాని శ్రుతి (పిచ్) పెరిగితే వేగం పెరిగినట్టు, ఎడమ కుడి చానెళ్లలో ఏది ముందుందో దాన్నిబట్టి దిశ మారినట్టు సాఫ్ట్‌వేర్ గుర్తించి ఫైల్‌ను అలాగే కదుపుతుంది. స్క్రాచ్ మీ చెయ్యి కన్నా వెనకబడి వినిపిస్తుంటే సెట్టింగ్స్‌లో ఆడియో బఫర్ (శబ్దాన్ని వినిపించే ముందు కంప్యూటర్ కాసేపు నిల్వ ఉంచే మొత్తం) తగ్గించండి. చిటపటలు మొదలైతే ఒక మెట్టు పెంచండి.