షుగర్ దానంతటదే తగ్గిందా? సంబరపడకండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారికి 66 ఏళ్లు. పదిహేనేళ్లుగా బీపీ, షుగర్. మొదటి నుంచీ చూసిన డాక్టరుగారు రిటైరై కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. వేరే ఎవరి దగ్గరికీ రానని నాన్నగారి పట్టు. ఎనిమిది నెలలుగా పాత చీటీ చూపించి షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టన్ తెస్తున్నాం. షుగర్ మునుపటికంటే బాగా తగ్గింది. పాదాలు కాస్త వాస్తున్నాయి, భోజనం ఆలస్యమైతే చెమటలు పడుతున్నాయి. మోకాళ్లకు మందుల షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ వాడుతున్నారు. కొత్త డాక్టరును బరంపురంలో చూసుకోవాలా, విశాఖలోనా?

జవాబు: ఊరి సంగతి తర్వాత. ముందు ఆ నొప్పి బిళ్ల ఈ రోజే ఆపించండి. ఈ వయసులో, షుగర్ ఉండి టెల్మిసార్టన్ వాడేవారికి అది కిడ్నీల మీద పడుతుంది.

మందు పెంచలేదు, తిండి మారలేదు, అయినా షుగర్ తగ్గిందంటే నేను మొదట అనుమానించేది కిడ్నీలనే. అవి మందగిస్తే గ్లిమెపిరైడ్ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ చెమటలు షుగర్ మరీ పడిపోవడం వల్ల కావచ్చు. వాపు గుండె వల్ల కూడా రావచ్చు. చూడకుండా ఇదే అని రాయలేను. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, యూరిన్ అల్బుమిన్ (మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని చూసేది), హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్), ఈసీజీ ఈ వారంలోనే చేయించండి. వీటికి ఊరు దాటక్కర్లేదు.

రిపోర్టులతో దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి. క్రియాటినిన్ ఎక్కువుంటే కిడ్నీ డాక్టరు కావాలి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రి మీకు ఇంకా దగ్గర. విశాఖ దాకా పరుగు ఇప్పుడే ఎందుకు?

పాత చీటీ గురించి ఒక మాట అనక తప్పదు. ఆ డాక్టరుగారు రాసింది ఆనాటి మనిషికి. ఆయనే ఉండుంటే ఈపాటికి రెండు మూడుసార్లు పరీక్షలు చేయించి మోతాదు మార్చేవారేమో. షాపు అబ్బాయి చీటీ చూస్తాడు గానీ పాదం నొక్కి చూడడు కదా! చదువుకున్న పిల్లలు, మీరైనా ఎనిమిది నెలలు ఊరుకోకుండా ఉండాల్సింది.

ఆ పాత డాక్టరుగారి ఫోన్ నంబరుంటే నాన్నగారికి పడని మందులేమిటో, పాత క్రియాటినిన్ ఎంతో రాసి పంపమనండి. కొత్త డాక్టరును చూపించుకోమని ఆయన చేతే చెప్పించండి, నాన్నగారు కాదనరు. ఫోన్‌లో మందులు మాత్రం అడగొద్దు.

ఈలోగా మిగతా మందులు సొంతంగా ఆపొద్దు, తిండి మానేసి షుగర్ బిళ్ల వేయొద్దు. చెమట, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, తర్వాత అన్నం పెట్టి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. మగతగా ఉన్నా, మాట తడబడినా నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.