కోడీ లాంటి చిన్న ఊళ్లో 1902లోనే ఇర్మా హోటల్ ఎందుకు కట్టారు?

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఉన్న ఈ హోటల్‌ను ప్రధానంగా ఎల్లోస్టోన్ పార్కు చూడటానికి రైల్లో వచ్చే యాత్రికుల కోసం కట్టారు.

వైల్డ్ వెస్ట్ ప్రదర్శనలతో పేరు పొందిన బఫెలో బిల్ (అసలు పేరు విలియం కోడీ) 1890లలో ఈ ఊరి స్థాపనకు ముందుండి పనిచేశాడు. 1901లో రైలు ఇక్కడిదాకా వచ్చింది. కానీ పార్కు తూర్పు ద్వారం ఇంకా 80 కిలోమీటర్ల పైనే, అదీ కొండదారి. గుర్రపు బండిలో ఒక్క రోజులో తేలే ప్రయాణం కాదు. రైలు దిగినవాళ్లకు రాత్రి బస కావాలి కదా! అందుకే 1902 నవంబరులో చిన్న కూతురు ఇర్మా పేరుతో హోటల్ తెరిచాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లలో అదే దారిలో ఒక రోజు ప్రయాణ దూరంలో వాపిటీ ఇన్, పార్కు ద్వారం దగ్గర పహాస్కా టీపీ అనే మరో రెండు బసలు కట్టించాడు. ఆయన లెక్క ఏమిటో ఈ వరుసే చెబుతుంది.

హోటల్లోని చెర్రీ చెక్క బార్ విక్టోరియా రాణి కానుక అని చాలామంది నమ్ముతారు. 1887లో లండన్‌లో ఆయన ప్రదర్శన ఆమె చూసిన మాట నిజమే. కానీ హోటల్ తెరవడానికి దాదాపు రెండేళ్ల ముందే, 1901 జనవరిలో, ఆమె చనిపోయింది.