మావాడు 35 వేల రూపాయల డ్రమ్స్ అడుగుతున్నాడు

ప్రశ్న: మాది విశాఖ గాజువాక. అబ్బాయి బీఎస్సీ రెండో ఏడాది, బ్యాక్‌లాగ్స్ లేవు. రాత్రిళ్ళు లాప్‌టాప్‌లో పాటలు చేస్తుంటాడు. పెద్ద ఇంజనీర్లు రికార్డు చేసిన డ్రమ్ లైబ్రరీ, అంటే అసలు డ్రమ్స్ చప్పుళ్ళను పాటల్లో వాడుకునేలా ఇచ్చే సాఫ్ట్‌వేర్ కావాలట, 35 వేలు ఇమ్మంటున్నాడు. సుపీరియర్ డ్రమ్మర్ 3, ఈజీడ్రమ్మర్ 3 అని రెండు పేర్లు చెప్పాడు. లాప్‌టాప్ 256 జీబీది. మా అన్నయ్య కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో సెటిలయ్యాడు. ఏది కొనాలి? వీడికి భవిష్యత్తు ఉంటుందా? - ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ప్రశ్న నాకు నెలకొకటైనా వస్తుంది. ఒకరింట్లో కెమెరా, ఇంకొకరింట్లో గేమింగ్ పీసీ. వస్తువే మారుతుంది, మీ ఆఖరి ప్రశ్న మాత్రం అందరిదీ.

ముందు డ్రమ్స్ సంగతి. సుపీరియర్ 3ని బెల్జియంలోని గెలాక్సీ స్టూడియోలో జార్జ్ మాసెన్‌బర్గ్ రికార్డు చేశారు. శబ్దంలో కావలసిన భాగాన్ని మాత్రమే పెంచి తగ్గించే పారామెట్రిక్ ఈక్వలైజర్ మీద 1972లో పేపర్ సమర్పించిన మనిషి. అందులో ఒక్కో మైకు విడిగా, పచ్చిగా దొరుకుతుంది. స్నేర్ అనే డ్రమ్ కొడితే పక్క మైకుల్లో పడే చప్పుడుతో సహా. మిక్సింగ్, అంటే ఆ శబ్దాలన్నిటినీ పాళ్ళు కుదిర్చి కలపడం నేర్చుకునేవాడికి బంగారమే. కానీ దాని సైజు దాదాపు 230 జీబీ. మీ 256 జీబీ లాప్‌టాప్‌లో అది పెడితే విండోస్ ఎక్కడ పెడతాడు? 35 వేల మీద హార్డ్‌డిస్క్ ఖర్చు వేరే. ఈజీడ్రమ్మర్ 3ని బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో మైఖేల్ ఇల్బర్ట్ రికార్డు చేశారు. సైజు చాలా చిన్నది, ధరా తక్కువ, మిక్సింగ్ సగం అయిపోయే వస్తుంది. పాటలు కట్టుకునేవాడికి అది చాలు.

అసలు ఇప్పుడే కొనాలా అన్నది నా సందేహం. చదువుకునే రోజుల్లో ఆర్కెస్ట్రాలో ఆక్టోప్యాడ్ అనే ఎలక్ట్రానిక్ డ్రమ్ వాయించాను కాబట్టి నాకూ కాస్త చెవి ఉంది. ఆమధ్య ఒక కుర్రాడు ఖరీదైన లైబ్రరీతో చేసిన ట్రాక్ వినిపించాడు. తుపాకీ పేల్చినట్టుంది. స్క్రీన్ చూస్తే ప్రతి దెబ్బ వెలాసిటీ 127, అంటే ఉన్నంతలో గట్టి దెబ్బ. హైహ్యాట్ అనే జంట తాళాల దెబ్బలను ఒకటి 90, ఒకటి 55 అలా తగ్గిస్తూ పోతే అవే శబ్దాలకు ప్రాణమొచ్చింది. పెద్ద ఇంజనీర్ పేరుకు డబ్బు కట్టాడు, చెయ్యి మాత్రం ఇంకా తిరగలేదు. స్టీవెన్ స్లేట్ వాళ్ళ ఎస్ఎస్‌డీ 5.5 అనే డ్రమ్ సాఫ్ట్‌వేర్‌కు ఉచిత వెర్షన్ ఉంది. ఆరు నెలలు దాని మీద కుస్తీ పట్టమనండి. టెలిగ్రామ్‌లో దొరికే క్రాక్ వెర్షన్ల జోలికి మాత్రం పోవద్దనండి.

‘ఆర్నెల్లలో మ్యూజిక్ ప్రొడ్యూసర్’ కోర్సుల మీదా నాకు నమ్మకం లేదు. ఆ సర్టిఫికెట్ చూసి పని ఇచ్చినవాళ్ళు నాకు తారసపడలేదు. ఇంకో మాట. ఆ లైబ్రరీలు ప్రపంచంలో ఎవరైనా కొనుక్కోగలరు. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళలో గుండెకు కట్టుకుని వాయించే తప్పెట చప్పుడు వాటిలో దొరకదు. ఒక మామూలు రికార్డర్‌తో వెళ్ళి తెచ్చుకుంటే అది మీవాడికే సొంతం.

ఇప్పుడు మీ సంగతి. ఉత్తరంలో అన్నయ్యగారి అబ్బాయి ఉద్యోగం ఉంది, మీ అబ్బాయి పాట ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. అంటే మీరు వినలేదు! వినకుండానే భవిష్యత్తు ఉందా అని నన్నడిగితే ఏం చెప్పను? వాడు ఆ పోలిక రోజూ వింటూనే ఉండుంటాడు.

టెన్షన్ పడకండి. బ్యాక్‌లాగ్స్ లేకుండా చదువుతూ రాత్రి పాటలు చేసుకునే పిల్లాడు చేయి దాటిపోయినట్టు కాదు. డిగ్రీ మాత్రం ఆపనివ్వకండి. శబ్దం మీదే పోదామనుకుంటే పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ)లో, కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ కోర్సులున్నాయి, వాటికి డిగ్రీ కావాలి. ఆ 35 వేలు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉండనివ్వండి, ఆరు నెలల తర్వాత చూద్దాం.

ఈ ఆదివారం వాడి గదిలోకి వెళ్ళి హెడ్‌ఫోన్స్ అడిగి తీసుకోండి. పాట అయ్యేదాకా బెంగళూరు ఊసెత్తకండి.