కంప్యూటర్ కొనేముందు ఎర్త్ చూడు

పాపా,

బైరాగిపట్టెడలో అంగడి బాడుగకు మాట్లాడుకుంటా ఉండావని, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ప్రింట్లు పెడతావని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. ఆ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల నడుమ ఆ పనికి గిరాకీకి కొదవ ఉండదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, దిగులు సగం. "ల్యాప్‌టాప్ కొంటాదంట, రాత్రికి ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అంటా ఉండాది" అని కూడా అన్నాడు చూడు, అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్తే "సరే అత్తా" అని పెట్టేస్తావు. కాగితమైతే కొనేదానికి పొయ్యేటప్పుడు చేతిలో ఉంటుంది.

అంగడికి డెస్క్‌టాప్ కొను.

ల్యాప్‌టాప్ చెడ్డదని కాదు. కాలేజీకి పొయ్యేవాళ్లకు అదే మేలు. అంగడి వేరు. పొద్దున తొమ్మిదికి పెడితే రాత్రి తొమ్మిది దాకా ఆరదు. వచ్చినోడల్లా పెన్‌డ్రైవ్ గుచ్చుతాడు. పక్కన టీ గ్లాసు ఉంటుంది. ల్యాప్‌టాప్ మీద టీ ఒలికితే కీల సందుల్లోంచి నేరుగా బోర్డు మీదికి దిగుతుంది. డెస్క్‌టాప్ దగ్గర ఒలికితే పొయ్యేది కీబోర్డు ఒక్కటే, దాన్ని అరగంటలో మార్చుకుంటావు. తెలుగు టైపు చేసేవాళ్ల చేతిలో షిఫ్ట్ కీ ఎంత అరుగుతుందో నీకు నేను చెప్పాల్నా? చాలా ల్యాప్‌టాపుల్లో కీబోర్డును పైమూతకు ప్లాస్టిక్ కరిగించి అతికేసి ఉంటారు. ఒక్క కీ పడకపోతే పైభాగమంతా మార్చాల, నాలుగు రోజులు సర్వీసు సెంటర్లో పెట్టాల. ఆ నాలుగు రోజులు అంగడికి వచ్చినోళ్లు పక్క అంగడి దోవ పడతారు.

పెన్‌డ్రైవ్ గుచ్చే పోర్టూ అంతే. చాలా ల్యాప్‌టాపుల్లో అది మెయిన్ బోర్డుకే సోల్డరింగ్ చేసి ఉంటుంది, వదులైతే బోర్డుకు చెయ్యి పెట్టాల. డెస్క్‌టాప్‌కు ఒక అడుగు ఎక్స్‌టెన్షన్ కేబుల్ తగిలించి బల్ల మీదికి తెచ్చి పెట్టు. అరిగేదేదో ఆ కేబులే అరుగుతుంది.

ఇంక లెక్కపెట్టు. లేజర్ ప్రింటర్, కలర్ ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం, మౌస్, కీబోర్డు, పెన్‌డ్రైవ్: ఏడు. ల్యాప్‌టాప్‌కు ఉండేవి రెండో మూడో పోర్టులు. హబ్ పెట్టుకుంటా అంటావు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, 3.0 అయితే 900. హబ్‌కు తగిలించినవన్నీ దాన్నే పంచుకోవాల. అందుకే వేలిముద్ర యంత్రం నడిమధ్యలో ఆగిపోతుంది, పెన్షన్ పనికి వచ్చిన అవ్వ చేత నాలుగుసార్లు వేలు పెట్టిస్తావు. హబ్బే కావాలంటే సొంత అడాప్టర్ ఉండేది తీసుకో.

ఎండ సంగతి కూడా ఉండాది. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద ఉండే అంగడిలో ల్యాప్‌టాప్‌ను పొద్దస్తమానం ఛార్జర్‌కు తగిలించి, బ్యాటరీని నూటికి నూరు నింపి పెడితే రెండేళ్లలోనే ఉబ్బొచ్చు. టచ్‌ప్యాడ్ పైకి లేస్తే ఉబ్బినట్టే. అప్పుడు వాడేది ఆపి బ్యాటరీ తీయించాల, ఒత్తి చూడకూడదు. ఎప్పటికైనా ల్యాప్‌టాప్ కొంటే కంపెనీ వాళ్ల సెట్టింగ్‌లో ఛార్జింగు 80 శాతం దగ్గర ఆగేటట్టు పెట్టుకో.

ల్యాప్‌టాప్ గెలిచేది కరెంటు దగ్గర, అది ఒప్పుకుంటా. మానిటర్‌తో కలిపి డెస్క్‌టాప్ 80, 100 వాట్లు లాగితే అది 30 వాట్లతో పని కానిస్తుంది. పది గంటలు నడిస్తే డెస్క్‌టాప్ ఒక యూనిట్‌కు దగ్గర, ల్యాప్‌టాప్ దాంట్లో మూడోవంతు. నెలకు ఇరవై యూనిట్ల దాకా తేడా, అదీ కమర్షియల్ మీటరు మీద. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ ఆరదు. ఆ అంగడిలో ఏడాది కూడా ఉంటావో లేదో అనిపిస్తే ల్యాప్‌టాప్‌కే 22 అంగుళాల మానిటర్, విడి కీబోర్డు తగిలించుకో, తప్పేం లేదు. ఉత్త ల్యాప్‌టాప్ ముందర మాత్రం మెడ వంచుకొని కూర్చోవద్దు. స్క్రీన్ పై అంచు నీ కళ్లకు సమంగా, చెయ్యి చాపినంత దూరంలో ఉండాల.

ఇంటికి తెచ్చుకొని రాత్రి పని చేస్తావా? రాత్రి అన్నం తిని పడుకో.

ఇప్పుడు అసలు మాట. నువ్వు దాచుకున్న దుడ్లలో పదోవంతు ముందే తీసి పక్కన పెట్టు. అది కరెంటు వైరింగుకు, ఎర్త్‌కు. ఏ కంప్యూటర్ అనే మాట దాని తర్వాతే.

చిత్తూరులో మా అంగడిలో నేను తప్పు చేసింది ఈడే. సాకెట్‌కు మూడు రంధ్రాలు ఉన్నాయి, మూడోది ఎర్త్‌ది, దానికి వైరు లేదు. క్యాబినెట్ తాకితే చీమ కుట్టినట్టు ఉండేది. అది ఎందుకో తెలుసుకో. కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా ఎస్‌ఎంపీఎస్. దాని లోపల కరెంటును వడకట్టేదానికి ఫేజుకూ (కరెంటు వచ్చే వైరు) క్యాబినెట్‌కూ నడుమ చిన్న కెపాసిటర్ ఒకటి, న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగిపొయ్యే వైరు) క్యాబినెట్‌కూ నడుమ ఇంకొకటి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటిలోంచి కారే రవ్వంత కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఆ రెండూ 230 వోల్టుల్ని చెరిసగం పంచుకుంటాయి, క్యాబినెట్ 110, 115 దగ్గర తేలాడతా ఉంటుంది. పారే కరెంటు మామూలుగా మిల్లీయాంపియర్ కూడా ఉండదు కాబట్టి ఆ చురుకుతో మనిషికి ఏం కాదు. కానీ ప్రింటర్ కేబుల్ గుచ్చేటప్పుడు రెండు పెట్టెల నడుమ తేడా డేటా పిన్నుల మీద పడితే పోర్టు కాలుతుంది. "ప్రింటర్ పోర్టు మాటిమాటికీ పోతా ఉండాది, కంపెనీ మంచిది కాదు" అనేవాళ్ల అంగడిలో ముందర ఎర్త్ చూడాల.

అసలు తప్పు ఇంకా చెప్పలేదు. వైరింగుకు వచ్చినతను సాకెట్ విప్పి, న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు వేలెడు వైరు ముక్క కలిపినాడు. చీమలు పోయినాయి. మీటరు పెడితే ఫేజుకూ ఎర్త్‌కూ 230 చూపించింది. నేను సంతోషంగా దుడ్లిచ్చి పంపినా.

ఆ ముక్క ఏం చేస్తుందంటే, క్యాబినెట్‌ను న్యూట్రల్‌కు కట్టేస్తుంది. న్యూట్రల్ గట్టిగా ఉన్నన్నాళ్లూ ఏమీ తెలియదు. మీటరు బోర్డు దగ్గరో స్తంభం దగ్గరో న్యూట్రల్ వదులైందనుకో, ఫేజులోంచి వచ్చిన కరెంటుకు తిరిగిపొయ్యే దోవ ఉండదు. ఫ్యానులోంచో లైటులోంచో న్యూట్రల్ వైరులోకి దిగి ఆడే నిలిచిపోతుంది. ఆ వైరు క్యాబినెట్‌కు కట్టి ఉండాది కదా, ఇనప పెట్టె మొత్తం 230 వోల్టులు. స్క్రీన్ ఆరిపోతుంది. ఫ్యాను ఆగిపోతుంది. మనం కరెంటు పోయింది అనుకుంటాం. ఆరిపోయిన పెట్టే కదా అని చెయ్యి పెడతాం. ఫ్యూజు పోదు, ఎంసీబీ పడదు. వాటిని పడగొట్టేంత కరెంటు మనిషి ఒంట్లోంచి పారదు, ప్రాణం తీసేదానికి మాత్రం అందులో పిసరంత చాలు.

కార్తీక మాసం వానలో మా అంగడిలో అదే జరిగింది. ఆరిపోయిన క్యాబినెట్ మీద మీ నాయన తడి గొడుగు పెట్టబొయ్యి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రబ్బరు చెప్పులు ఉండబట్టి సరిపోయింది. ఆ బల్ల కింద, ఉత్త కాళ్లతో, టైపు కాగితాలు ముందరేసుకొని ఐదేళ్ల నువ్వు కూర్చోనుండావు. నీకు గుర్తుండదులే.

అందుకని బాడుగ కాగితం రాసుకోకముందే ఈ పనులు చెయ్యి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టించు. ఫేజు-న్యూట్రల్ 230 దరిదాపుల్లో ఉండాల. ఫేజు-ఎర్త్ కూడా అంతే. న్యూట్రల్-ఎర్త్ 3 వోల్టులు దాటకూడదు. ఇస్త్రీపెట్టె లాంటి బరువు లాగేది ఆన్ చేసి న్యూట్రల్-ఎర్త్ మళ్లీ చూడమను. నిజమైన ఎర్త్ అయితే అది రోంత కదులుతుంది. కదలకుండా సున్నా దగ్గరే కూర్చుంటే అనుమానించు. ఆ తర్వాత మెయిన్ ఆపి సాకెట్ విప్పించి నీ కళ్లతో చూడు: ఎర్త్ పిన్నుకు వచ్చే పచ్చవైరు గోడలోకి పోతా ఉండాదా, పక్క పిన్నుకు పోతా ఉండాదా. మీటరు బోర్డుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు, కరెంటు భూమిలోకి కారితే తనంతట తానే ఆపేసే స్విచ్ అది. ఎర్త్ గుంత లేకపోతే ఓనరును అడుగు: రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఇనప) పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ. ఎండాకాలం నేల ఎండితే ఎర్త్ చచ్చిపోతుంది, వారానికి ఒక బిందె నీళ్లు పొయ్యాల. ఓనరు కుదరదంటే ఆ అంగడి వద్దు, ఎంత మంచి సెంటరైనా వద్దు. దీంట్లో నాతో వాదించొద్దు.

ల్యాప్‌టాప్ కొంటే ఈ బాధ ఉండదు కదా అనుకుంటావేమో. ప్రింటర్, జెరాక్స్ మిషన్ ఎట్లాగూ ఉంటాయి కదా, వాటికీ ఇదే సాకెట్.

యూపీఎస్ 600 వీఏ చాలు. అంటే 360 వాట్లు. లోపల 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ, పది పదిహేను నిమిషాలు వస్తుంది. అది పని సేవ్ చేసుకొని ఆపేదానికే. రెండు మూడేళ్లకు బ్యాటరీ మార్చాల. లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్‌కు తగిలించొద్దు. లోపలి హీటరు వేడెక్కేటప్పుడు 800 వాట్లు, ఆ పైన లాగుతుంది, యూపీఎస్ కుయ్యిమని చేతులెత్తేస్తుంది, దాంతోపాటు నీ సేవ్ చేయని పెళ్లి పత్రికా పోతుంది. లేజర్ నేరుగా గోడ సాకెట్‌కే.

కొనేది: ప్రాసెసర్ కోర్ ఐ3 12వ తరం గానీ ఆ పైది గానీ, లేకపోతే రైజెన్ 5 5600జీ లాంటిది. పేరు చివర ఎఫ్ ఉంటే, 12100ఎఫ్ మాదిరి, లోపల గ్రాఫిక్స్ ఉండదు, వేరే కార్డు లేనిదే మానిటర్‌లో బొమ్మ రాదు. రేటు తక్కువని అదే అంటగడతారు. ర్యామ్ 16 జీబీ. 500 జీబీ ఎన్‌విఎంఈ ఎస్‌ఎస్‌డీ, పాత పనులు దాచేదానికి 1 టీబీ హార్డ్ డిస్క్. ఐపీఎస్ మానిటర్ 22 గానీ 24 గానీ, పాస్‌పోర్టు ఫొటో రంగు కనబడాల కదా. క్యాబినెట్‌తో ఉత్తినే వచ్చే ఎస్‌ఎంపీఎస్ వద్దు, 80 ప్లస్ బ్రాంజ్ అని రాసి ఉండే 450 వాట్లది విడిగా తీసుకో. బిల్లులో ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించు. అసెంబుల్ చేసిన దాంట్లో ఒక్కో పార్టుకు ఒక్కో వారంటీ, నంబరు లేకపోతే రేపు "ఇది మాది కాదు" అంటారు.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ ఆఫీసు మిషన్లు సగం ధరకు దొరుకుతాయని ఎవరో ఒకరు చెప్తారు. దొరుకుతాయి. నంబరు చదువుకో: ఐ5-7500 అంటే 7వ తరం, ఐ5-8500 అంటే 8వది. విండోస్ 11కు ఇంటెల్‌లో మామూలుగా 8వ తరం నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాల. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సపోర్టు అయిపోయింది. జనాల ఆధార్ కాగితాలు, బ్యాంకు పాసుబుక్కులు చేతిలో పెట్టుకొని అప్‌డేట్లు రాని మిషన్ మీద పని చేయకూడదు. 8 కన్నా తక్కువైతే ఎంత అగ్గువకు ఇచ్చినా తిరిగి వచ్చేయ్.

డీటీపీలో పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7.0 అనేది 2001 నాటిది. నీ పేజ్‌మేకర్, నీ అను ఫాంట్లు కొత్త విండోస్ మీద టైపు అయ్యి, ప్రింటు కూడా వచ్చేది చూసినాకే మిగతా దుడ్లివ్వు. అనులో కొట్టిన మేటర్‌ను ఆన్‌లైన్ ఫారంలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, దానికి ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్ అక్షరాలు కావాల. అవి కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతి కూడా నేర్చుకో.

కొత్త విండోస్‌లో డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం తనంతట తానే పడి ఉండొచ్చు. బోర్డు పోతే 48 అంకెల రికవరీ కీ లేనిదే డిస్క్ ఇంకో మిషన్‌లో తెరుచుకోదు. మొదటి రోజే ప్రింటు తీసి ఇంటి బీరువాలో పెట్టు, అంగడిలో కాదు. వారానికోసారి పనులన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి. ఇంటికి తెచ్చుకుంటా అన్నావే, తెచ్చుకోవాల్సింది ఆ డిస్క్‌ను.

క్యాబినెట్ నేల మీద పెట్టొద్దు. 2021 నవంబర్ వానకు తిరుపతి వీధుల్లో నీళ్లు ఎట్ల నిలిచినాయో చూసినావు కదా. అడుగున్నర ఎత్తు స్టాండు చేయించు, ప్లగ్గుల బోర్డు అంతకన్నా పైన.

నేను గురువారం చిత్తూరు నుంచి పొద్దున బస్సుకు వస్తా, మల్టీమీటర్ తెస్తా ఉండా. మీటరు బోర్డు గది తాళం ఓనరు దగ్గర అడిగి పెట్టుకో. అడ్వాన్సు మాత్రం నేను వచ్చేదాకా ఇయ్యొద్దు.

మీ అత్త