ఏనుగు దంతం ఉన్న పాత క్యూ స్టిక్ తెప్పించుకోవచ్చా?

ప్రశ్న: బిలియర్డ్స్ లాంటి పూల్ ఆటలో బంతిని కొట్టే, చేత్తో చేసిన క్యూ స్టిక్‌లు సేకరిస్తుంటాను. 1985లో తయారైన ఒక క్యూ విదేశంలో అమ్మకానికి వచ్చింది. జాయింటు (రెండు ముక్కలు కలిసే చోటు), ఫెర్రూల్ (కొన దగ్గరి తొడుగు) ఏనుగు దంతంతో, వెనక భాగం బ్రెజిలియన్ రోజ్‌వుడ్ కలపతో చేశారు. ‘నిషేధానికి ముందుది, పర్మిట్ అక్కర్లేదు, గిఫ్ట్ అని రాసి పంపిస్తా’ అంటున్నారు అమ్మే ఆయన. అడ్వాన్సు ఇచ్చాను. మిగతాది కట్టేయనా?

జవాబు: కట్టకండి.

ఆయన చెబుతున్న నిషేధం 1989 నాటిది. అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం ఆఫ్రికా ఏనుగును ఆ ఏడాది మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలో, చేర్చింది, 1990 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. అయితే ‘ఒప్పందానికి ముందుది’ అనే సర్టిఫికెట్ ఇవ్వడానికి అధికారులు చూసే తేదీ వేరు. ఆ జంతువు పేరు ఏ అనుబంధంలోనైనా మొదటిసారి ఎక్కిన రోజునే చూస్తారు. ఆఫ్రికా ఏనుగుకు అది 1976 ఫిబ్రవరి 26. ఆసియా ఏనుగుకు 1975 జులై 1. పైగా క్యూ ఎప్పుడు తయారైందన్నది కాదు, దంతం ఎప్పటిదన్నదే లెక్క. 1985 నాటి క్యూలో 1970 నాటి దంతం ఉంటే ఉండొచ్చు. కానీ దాన్ని రుజువు చేసే కాగితం ఆయన దగ్గర ఉందా? సాధారణంగా ఉండదు.

రోజ్‌వుడ్ సంగతి కాస్త నయం. బ్రెజిలియన్ రకం 1992లో మొదటి అనుబంధంలోకి వచ్చింది కాబట్టి, తయారీదారు ఇచ్చిన పాత బిల్లు లాంటిది ఉంటే సర్టిఫికెట్ అడగొచ్చు. అడగడం మాత్రం తప్పదు. కోకోబోలో లాంటి రోజ్‌వుడ్‌లు కాస్త సడలింపు ఉండే రెండో అనుబంధంలో ఉన్నా, ఒకటి రెండు క్యూలకు ఆ ఒప్పందం కింద సాధారణంగా పర్మిట్ అవసరం రాదు.

గిఫ్ట్ మాటకొస్తే, అమ్మిన వస్తువును గిఫ్ట్ అని రాయడం కస్టమ్స్‌కు అబద్ధం చెప్పడమే. అదొక వేరే కేసు. సరుకు దొరికితే జప్తు చేస్తారు, పోయిన డబ్బుకు మీరే బాధ్యులు. స్వయంగా వెళ్లి సూట్‌కేసులో తెచ్చుకుందామన్నా కుదరదు. వేరే దేశంలో కొని ఇంటికి తెచ్చే మొదటి అనుబంధం వస్తువులకు సొంత సామాను మినహాయింపు వర్తించదు.

మీరు ఏ దేశంలో ఉంటున్నారో రాయలేదు. చాలా చోట్ల సొంత చట్టం సైటిస్ కంటే కఠినంగా ఉంటుంది. భారత్‌లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దంతం వ్యాపారాన్ని అనుమతించదు. బ్రిటన్‌లో 2018 చట్టం 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. అమెరికాలో 200 గ్రాముల లోపు దంతానికి మినహాయింపు ఉందని అమ్మే ఆయన అంటారేమో. అది కొన్ని షరతులతో రాష్ట్రాల మధ్య అమ్మకాలకు ఇచ్చింది, దిగుమతికి కాదు.

ఇంతకీ అది దంతమేనా? పాత క్యూల్లో దంతంలా కనిపించే ప్లాస్టిక్ ఫెర్రూల్స్ చాలానే ఉంటాయి. జాయింటు విప్పి, చివరి ముఖాన్ని దగ్గరగా ఫోటో తీసి పంపమనండి. ఒకదానికొకటి అడ్డంగా సాగే సన్నని గీతలు వలలా కనిపిస్తే దంతమే అనుకోండి. కనిపించకపోతే మాత్రం ఫోటోతో సరిపెట్టుకోకండి, పరీక్ష చేయించి ఆ మాట బిల్లు మీద రాయించుకోవాలి. దంతం తీయించి వేరే మెటీరియల్ వేయించడం సాధ్యమే, కానీ సేకరించేవాళ్ల దృష్టిలో క్యూ విలువ పడిపోతుంది. నేనైతే అంత దూరం వెళ్లను.

ఇవాళే ఒక ఈమెయిల్ పెట్టండి: ఎగుమతి చేసే దేశపు సైటిస్ అధికారి ఇచ్చే సర్టిఫికెట్ వచ్చాక, మీ దేశం అనుమతిస్తేనే మిగతా డబ్బు కడతానని, లేదంటే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని. గిఫ్ట్ అని రాయడానికి ఒప్పుకోనని కూడా అందులోనే స్పష్టంగా చెప్పండి. పర్మిట్ అక్కర్లేదన్న ఆయన మెసేజ్‌లు దాచుకోండి. తప్పుడు మాట చెప్పి డబ్బు తీసుకున్నారని వాదించడానికి అవే ఆధారం.