షార్ట్‌హ్యాండ్ పరీక్షకు వెళ్లేముందు, రాసి వచ్చాక

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు రాయబోయేది నిమిషానికి 80 పదాల వేగం. ఇంట్లో మాత్రం 90, 100 మీద రాయి. హాల్లో చదివే గొంతు కొత్తది, పైగా కంగారు. చేతికి కొంత వేగం మిగులు ఉండాలి. రాసిన ప్రతి డిక్టేషన్‌నీ తిరిగి చదివి టైపు చెయ్యి. చదవలేని అవుట్‌లైన్ (పదానికి గీసే గుర్తు) ఎంత వేగంగా రాసినా దండగే.

మనం రాసే పిట్‌మన్ ఇంగ్లిష్ షార్ట్‌హ్యాండ్ పద్ధతిలో చాలామంది దెబ్బతినేది పొజిషన్ దగ్గర, అంటే గుర్తును లైనుకు ఎక్కడ రాస్తామన్న దగ్గర. వేగంలో అచ్చుల చుక్కలు, గీతలు పెట్టే తీరిక ఉండదు. అప్పుడు ప్యాక్ లైనుకు పైన, పెక్ లైను మీద, పిక్ లైనును కోస్తూ రాస్తేనే తేడా తెలుస్తుంది. మూడింటికీ అవుట్‌లైన్ ఒకటే మరి. తర్వాతిది హావింగ్, అంటే స్ట్రోకును (గీతను) సగం పొడవుకే రాసి చివర టీ గానీ డీ గానీ ఉందని చూపడం. సగం చెయ్యాల్సిన స్ట్రోకు కాస్త సాగిందా, చివరి టీ, డీ మాయమై పదమే మారిపోతుంది. పెన్సిల్‌ను బిగించి పట్టుకుంటే అన్ని స్ట్రోకులూ లావుగానే పడి పీ, బీ ఒకటైపోతాయి. చెక్కిన పెన్సిళ్లు మూడు నాలుగు దగ్గర ఉంచుకో.

పదం తప్పిపోతే దానికోసం ఆగకు. కొంత ఖాళీ వదిలి ముందుకు వెళ్లు. ఒక్క పదం కోసం ఆగితే వెనకాల వాక్యమంతా పోతుంది. పేజీ చివరికొచ్చేలోపే ఎడమచేత్తో దాని మూల ఎత్తి పట్టుకో.

పది నిమిషాల డిక్టేషన్ అంటే 800 పదాలు. ట్రాన్స్‌క్రిప్షన్‌కు, అంటే ఆ గుర్తుల్ని మామూలు పదాల్లో టైపు చెయ్యడానికి, 40 నిమిషాలిస్తే నిమిషానికి 20 పదాలే. అందుకని టైపుకు తొందరపడకు. ముందు నోట్సంతా ఒకసారి చదువు. మొదట్లో అర్థంకాని పదం కింది పేరాలో దొరుకుతుంది. 5 శాతం తప్పులు అనుమతిస్తే నీ చేతిలో ఉన్నవి 40. అవి పెద్ద పదాల దగ్గర కంటే ఏ, ది, బహువచనం ఎస్ దగ్గరే ఎక్కువగా పోతాయి. చివరి ఐదు నిమిషాలు వాటికోసమే ఉంచుకో.

బయటికొచ్చాక పక్కవాళ్ల పేపరుతో పోల్చుకోవద్దు, దిగులు తప్ప ఏమీ రాదు. ఇబ్బందిపెట్టిన అవుట్‌లైన్లు మాత్రం ఆ సాయంత్రమే రాసి సరిచూసుకో. ఫలితాలు వచ్చేదాకా రోజూ ఓ అరగంట డిక్టేషన్ మానకు. ఈ విద్యలో చెయ్యి ఆగితే వేగం త్వరగా పడిపోతుంది. పాసైతే పై వేగానికి, కాకపోతే మళ్లీ ఇదే పరీక్షకు, ఎలాగైనా ఆ సాధన కావలసిందే. హాల్‌టికెట్ జాగ్రత్త. మెమో రాగానే పేరు అక్షరాలు, పుట్టినతేదీ, వేగం సరిగా పడ్డాయో లేదో చూసుకో. తప్పుంటే గడువులోపే అర్జీ పెట్టు.